ఆ రెండు సెకన్లలో మీకొచ్చిన అనుమానం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సుని. చేరి ఏడాదిన్నర అయింది. నెల క్రితం ఒక రాత్రి, రావాల్సిన సిస్టర్ రాకపోవడంతో వరసగా రెండో డ్యూటీ కూడా నేనే చేశాను. తెల్లవారుజామున ఒక పెద్దాయనకి గుండె ఆగిపోయిందని తీసుకొచ్చారు. అరగంట పైనే కష్టపడ్డాం, దక్కలేదు. అడ్రినలిన్ ఇంజెక్షన్లన్నీ నేనే ఇచ్చాను. ఆ మంచం సర్దకముందే పక్క మంచం మీదికి ఒకావిడ వచ్చింది. ఏదో మాత్ర వేసుకున్న పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లు, మొహం వాపు, ఊపిరాడటం లేదు, బీపీ పడిపోతోంది. డ్యూటీ డాక్టర్ గారు "అడ్రినలిన్ పాయింట్ ఫైవ్ ఇచ్చెయ్యండి" అన్నారు. నేను ఆంప్యూల్ (మందుండే చిన్న గాజు సీసా) తీస్తుంటే "నిద్రపోతున్నారా, తొందరగా!" అని అరిచారు. ఆవిడ చేతికి అప్పటికే కాన్యులా (నరానికి మందు ఎక్కించే సన్నని గొట్టం) ఉంది. సిరంజి దానికి పెట్టాక "ఇది కండకి కదా ఇవ్వాలి" అని రెండు సెకన్లు అనిపించింది. అడగడానికి భయమేసింది. నరానికి ఇచ్చేశాను. పల్స్ 180 దాటింది. బీపీ ఒక్కసారిగా పైకి పోయింది. ఆవిడ గుండె పట్టుకుని కేక పెట్టింది. అదృష్టం బాగుండి కాసేపటికి కుదుటపడింది, మూడో రోజు ఇంటికి వెళ్లింది. నాకు "నిర్లక్ష్యం" అని మెమో ఇచ్చి, ఇకపై జాగ్రత్తగా ఉండమన్నారు. ఆవిడకి మాత్రం ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి ఆంప్యూల్ విరిచేటప్పుడల్లా చెయ్యి వణుకుతోంది. నేను ఈ ఉద్యోగానికి పనికిరానా? మానేయాలా? ఎంత జాగ్రత్తగా ఉంటే మళ్లీ ఇలా జరగకుండా ఉంటుంది?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మానేయాలా అన్న ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: ఈ కారణంతో మానేయకండి. అంత అలసటలో, ఆ అరుపుల మధ్య, చేతిలో సిరంజి ఉండగా కూడా మీకు సరైన అనుమానమే వచ్చింది. మీ చదువు మీ లోపల సరైన మాటే పలికింది. అలాంటి మనిషి ఎమర్జెన్సీలో ఉండాలి. ఆ మాట నోటి దాకా ఎందుకు రాలేదు, ఇకపై రావాలంటే ఏం చేయాలి అన్నదే నేను మీతో మాట్లాడాలనుకుంటున్నది.

ఎంత జాగ్రత్తగా ఉండాలని అడిగారు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇలాంటిది జరగొచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని అనడం లేదు. మనిషి దగ్గర జాగ్రత్త ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు. నిద్ర లేకపోతే తగ్గుతుంది. ఎవరైనా కసిరితే తగ్గుతుంది. నాలుగు పనులు ఒకేసారి మీద పడితే తగ్గుతుంది. ఎమర్జెన్సీలో ఈ మూడూ రోజూ ఉండేవే. అంటే జాగ్రత్త బాగా కావాల్సిన సమయంలోనే అది మన దగ్గర తక్కువగా ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని పేషెంట్లను కాపాడాలనుకోవడం మన వృత్తిలో పాతుకుపోయిన తప్పు అని నా గట్టి నమ్మకం. ముప్పై ఏళ్ల సర్వీసులో నేనూ ఎంతోమందికి "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి పంపించాను. వాళ్లలో ఒక్కరికైనా దానివల్ల మేలు జరిగిందని ఇప్పుడు అనుకోను.

ఆ రాత్రిని ఒకసారి విప్పి చూద్దాం.

మీరు వరసగా రెండో డ్యూటీలో ఉన్నారు. నిద్ర లేకపోవడం గురించి 1997లో ఇద్దరు పరిశోధకులు, డాసన్, రీడ్, ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో దాదాపు సమానమని అందులో తేలింది. చాలా దేశాల్లో ఆ స్థాయి దాటితే బండి నడపనివ్వరు. మీ చేతికి మాత్రం సిరంజి ఇచ్చారు. మీరు ఉండనని అనలేకపోయారు, ఆ పరిస్థితి నాకు తెలుసు. కానీ మెమోలో ఈ సంగతి ఒక్క వాక్యమైనా ఉందా? ఉండి ఉండదు.

రెండోది, అంతకుముందు అరగంటలో మీ చెయ్యి ఏం నేర్చుకుందో చూడండి. గుండె ఆగిన మనిషికి అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము చొప్పున, 3 నుంచి 5 నిమిషాలకోసారి, నరానికే ఇస్తాం. మీరు అదే పని మళ్లీ మళ్లీ చేశారు: ఆంప్యూల్, సిరంజి, కాన్యులా. ఆ వెంటనే ఇంకో మంచం దగ్గర అదే మందు పేరు వినపడింది. అదే ఆంప్యూల్, అదే సిరంజి, పక్కనే కాన్యులా. చెయ్యి తనకు అలవాటైన దారిన పోయింది. పొరపాట్ల మీద జీవితమంతా పనిచేసిన బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ వీటిని విడివిడిగా చూడమంటాడు. తెలియక చేసేది ఒకటి. తెలిసి ఉండీ చెయ్యి జారేది ఒకటి. తెలిసి కావాలనే నియమం దాటేది ఇంకొకటి. మీది రెండో రకం. తెలియక చేసినవారికి శిక్షణ ఇస్తే ఉపయోగం ఉంటుంది. కావాలని దాటినవారిని నిలదీయాల్సిందే. చెయ్యి జారినవారికి ఈ రెండూ పనిచేయవు, ఎందుకంటే అక్కడ లోటు తెలివిలోనూ లేదు, ఉద్దేశంలోనూ లేదు.

మూడోది ఆ ఆర్డర్. "అడ్రినలిన్ పాయింట్ ఫైవ్ ఇచ్చెయ్యండి." పాయింట్ ఫైవ్ అంటే ఏవి, మిల్లీగ్రాములా, మిల్లీలీటర్లా? కండకా, నరానికా? డాక్టర్ గారి మనసులో అంతా స్పష్టంగానే ఉండి ఉంటుంది. తీవ్రమైన అలర్జీలో పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాము, తొడ బయటివైపు మధ్యభాగంలో, కండకి; తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. ఆయన మనసులో ఉన్నదాంట్లో సగమే నోటినుంచి వచ్చింది. మిగతా సగాన్ని అలసిపోయిన మీ బుర్ర పూరించుకుంది, అంతకుముందు అరగంట చేసిన పనితో పూరించుకుంది. గుండె కొట్టుకుంటున్న మనిషికి అంత మందు ఒక్కసారిగా నరంలోకి వెళ్తే గుండె లయ తప్పొచ్చు, గుండెకే రక్తం అందకపోవచ్చు, బీపీ పెరిగి మెదడులో రక్తస్రావం కావొచ్చు. ఆవిడ తప్పించుకుంది. అందరూ తప్పించుకోరు. అందుకే ఈ విషయాన్ని ఒక మెమోతో మూసేయడం నాకు మింగుడుపడటం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. అమెరికా బి-17 బాంబర్ విమానాలను కొందరు పైలట్లు క్షేమంగా దించి, రన్‌వే మీద ఉండగానే పొరపాటున చక్రాలు పైకి ముడిచేసేవారు. విమానం పొట్ట నేలకు తగిలేది. పైలట్ల తప్పిదం అని రాసుకుని, జాగ్రత్తగా ఉండమని చెప్పి వదిలేసేవారు. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్లి కాక్‌పిట్‌లో కూర్చుని చూశాడు. చక్రాల మీటా, రెక్కల ఫ్లాప్‌ల మీటా పక్కపక్కనే, ముట్టుకుంటే ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, రెండోదానికి చీలలాంటి ముక్క తగిలించమన్నాడు. చీకట్లో, అలసటలో, చూడకుండా పట్టుకున్నా చేతికి తేడా తెలిసేలా చేశాడు. ఆ పొరపాట్లు ఆగిపోయాయి. పైలట్లు అంతకుముందు ఎంత జాగ్రత్తపరులో, ఆ తర్వాతా అంతే.

మన దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. ఆక్సిజన్ సిలిండర్‌కీ, మత్తుకి వాడే నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్‌కీ పిన్నుల రంధ్రాలు వేర్వేరు చోట్ల పెట్టారు. అనస్తీషియా మిషన్‌కి ఒకదాని బదులు ఇంకొకటి బిగించాలన్నా బిగియదు. అడ్రినలిన్ లేబుల్ మీద వెయ్యికి ఒకటి, పదివేలకి ఒకటి అని నిష్పత్తులు రాస్తే కంగారులో లెక్క తప్పుతోందని, అమెరికాలో 2016 నుంచి ఆ రాత తీసేసి, ఒక మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములో మాత్రమే రాస్తున్నారు. ఎవరినీ తిట్టకుండా ప్రమాదాన్ని తగ్గించే మార్పులు ఇవి.

మీ వార్డులో ఇలాంటి మార్పు ఒకటి వచ్చే వారమే చేయొచ్చు. మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగి, అలర్జీ కోసం విడిగా ఒక చిన్న పెట్టె పెట్టించండి. అందులో అడ్రినలిన్ ఆంప్యూల్, ఒక మిల్లీలీటరు సిరంజి, కండకి ఇచ్చే సూది, మూత లోపల పెద్ద అక్షరాలతో ఒక కార్డు: "అలర్జీకి: అర మిల్లీగ్రాము, తొడలో, కండకి. కాన్యులాకి పెట్టకూడదు." గుండె ఆగినవారికి వాడే అడ్రినలిన్, అత్యవసర మందులు, సామాను ఉండే బండిలో, అంటే క్రాష్ కార్ట్‌లోనే ఉండాలి. వీలైతే అది ముందే నింపిన పది మిల్లీలీటర్ల సిరంజిగా ఉండాలి. రెండూ ఒకే డ్రాయర్‌లో ఉండకూడదు. పెట్టె తెరిచి సూది బిగించే ఆ కాసేపట్లో చేతికి దారి మారిందని తెలుస్తుంది. మీకు వచ్చిన రెండు సెకన్ల అనుమానం అప్పుడు సిరంజి కాన్యులాకి తగిలాక రాదు, పెట్టె మూత తీసేటప్పుడే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మీకు అనుమానం వచ్చింది, అడగలేదు. ఇందులో మీ వంతు ఏమీ లేదని నేను అనను, అంటే మీరూ నమ్మరు. కానీ ఇది మీ ఒక్కరికే ఉన్న బలహీనత అనుకోకండి.

2005 మార్చి 29న ఇంగ్లండ్‌లో ఎలైన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల తల్లిని సైనస్ ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి, మామూలు ఆపరేషన్. మత్తు ఇచ్చాక శ్వాస అందించడానికి గొంతులోకి ట్యూబు వెళ్లలేదు. ఆక్సిజన్ పడిపోయింది. గదిలో ఉన్న డాక్టర్లంతా అనుభవజ్ఞులే. మళ్లీ మళ్లీ ట్యూబు వేయడానికే ప్రయత్నిస్తూ ఉండిపోయారు. అలాంటప్పుడు మెడ ముందు భాగంలో కోసి శ్వాస దారి చేయాలి. ఒక నర్సు ఆ సామాను తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఇంకో నర్సు ఐసీయూకి ఫోన్ చేసి మంచం ఉంచమంది. అంత అవసరమా అన్నట్టు డాక్టర్లు చూశారనిపించి, మళ్లీ ఫోన్ చేసి వద్దంది. ఏం చేయాలో ఆ నర్సులకు తెలుసు. ఎలా చెప్పాలో తెలియలేదు. 13 రోజుల తర్వాత ఎలైన్ చనిపోయింది.

ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. ఎవరికి శిక్ష పడాలి అని కాకుండా, అంత తెలిసిన మనుషులున్న గదిలో ఇది ఎలా జరిగిందని అడిగాడు. విమానయానంలో ఇలాంటివాటికి శిక్షణ ఉంది, వైద్యంలో ఎందుకు లేదన్నాడు. 2007లో క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్ అనే సంస్థను మొదలుపెట్టాడు. నేను జూనియర్లకు ఈ కథ చెప్పినప్పుడల్లా డాక్టర్ల సంగతి కంటే ఆ రెండో ఫోన్ కాల్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ముందు చేసిన పని సరైనదే. పక్కవాళ్ల చూపు ఒక్కటి చాలు, దాన్ని వెనక్కి తీసుకోవడానికి. మీ రెండు సెకన్లూ అలాంటివే.

ధైర్యం తెచ్చుకోండి అని చెబితే జాగ్రత్తగా ఉండండి అన్నట్టే అవుతుంది. కంగారులో ధైర్యం వెతుక్కోలేం. ముందే నోటికి వచ్చి ఉన్న మాట అయితే దానంతటదే వస్తుంది. అందుకని మీకు కొన్ని వాక్యాలు ఇస్తాను. ఇంట్లో పైకి చదవండి, గట్టిగా, నాలుగైదు సార్లు.

మొదటిది ప్రతి ఆర్డర్‌కీ వాడాల్సింది. విన్నదాన్ని తిరిగి చెప్పడం: "అడ్రినలిన్, అర మిల్లీగ్రాము, కండకి, తొడలో. ఇస్తున్నాను సార్." డాక్టర్ "అవును" అన్నాకే ఇవ్వండి. ఇచ్చాక "ఇచ్చాను, టైమ్ ఇంత" అని పైకి చెప్పండి. ఇందులో ప్రశ్నించడం లేదు, ఎదిరించడం లేదు, కాబట్టి భయం అక్కర్లేదు. ఆర్డర్‌లో ఏదైనా లోటుంటే తిరిగి చెప్పేటప్పుడే బయటపడుతుంది. మీకు చెప్పిన ఆర్డర్‌లో కండకా నరానికా అన్నది లేదు. తిరిగి చెప్పే అలవాటు ఉంటే ఆ ఖాళీ దగ్గర మీ నోరు దానంతటదే ఆగేది. "పాయింట్ ఫైవ్" అన్న మాటను మీ వరకు "అర" అని మార్చేయండి. గోలలో "పాయింట్" వినపడకపోతే అది "ఫైవ్" అయి కూర్చుంటుంది, పదింతలు. "అర" అంటే వినపడకుండా జారిపోయే "పాయింట్" అందులో ఉండదు. మన భాషలో ఇంత మంచి మాట ఉండగా వాడకపోవడం ఏమిటో! అలాగే ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిసిపోతాయి. పదిహేను, యాభై అనండి, లేదా ఒకటి-ఐదు, ఐదు-సున్నా అని విడదీసి చెప్పండి.

అనుమానం వస్తే ముందు అడగండి: "సార్, ఇది కండకే కదా?" వినిపించుకోకపోతే ఏం కనిపిస్తోందో చెప్పండి: "సార్, పేషెంట్‌కి పల్స్ ఉంది. ఇది అలర్జీ. నరానికి ఇస్తే ప్రమాదం." అప్పటికీ కాదంటే: "సార్, నాకు ఇది సేఫ్ అనిపించడం లేదు. ఒక్కసారి ఆగి చూద్దాం." చివరిది: "సార్, నేను ఇవ్వలేను, ఇంకొకరిని పిలుస్తున్నాను." విమానాల్లో కో-పైలట్‌కి నేర్పేది కూడా ఇలాగే మెట్టు మెట్టుగా ఉంటుంది. అడుగు, చెప్పు, గట్టిగా చెప్పు, ఆపు. చాలాసార్లు మొదటి మెట్టు దగ్గరే పని అయిపోతుంది. ఎదుటి మనిషి మొండితనం వల్ల వినకపోవడం అరుదు, ఎక్కువసార్లు నిజంగానే వినపడదు. కంగారులో మనిషి చెవి ముందు మూసుకుపోతుంది. కాబట్టి ఒకసారి అడిగి జవాబు రాకపోతే, కాదన్నారని అనుకోకండి. పేరు పెట్టి పిలిచి రెండోసారి అడగండి.

ఇది మీ ఒక్కరి బాధ్యత కాదు. వినే వైపు ఉన్న నాలాంటివాళ్లది అంతకంటే ఎక్కువ. నేను డాక్టర్‌గా చేరిన తొలి ఏళ్లలో ఒక రాత్రి ఊపిరాడని పేషెంట్ ఒకాయన వచ్చాడు. మాస్క్ పెట్టాం, ఫ్లో మీటర్ పూర్తిగా తిప్పాం, ఆక్సిజన్ ఎక్కడం లేదు. నేను ఊపిరితిత్తుల గురించి ఆలోచిస్తున్నాను, ఎక్స్‌రే మిషన్ తెమ్మంటున్నాను. స్ట్రెచర్ తోసుకొచ్చిన అబ్బాయి "సార్, పైపు" అన్నాడు. "నువ్వు పక్కకి జరుగు" అన్నాను. జరిగాడు. మళ్లీ వచ్చి నా చెయ్యి పట్టుకుని గోడ వైపు చూపించాడు. గోడ మీద ఆక్సిజన్, మామూలు గాలి రెండు ఫ్లో మీటర్లూ పక్కపక్కనే ఉన్నాయి. పైపు గాలిదానికి పెట్టి ఉంది. మార్చాం, రెండు నిమిషాల్లో ఆయన పెదాలకు రంగు వచ్చింది. ఆ అబ్బాయి నేను పక్కకి జరగమన్నాక మళ్లీ రాకపోతే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. అప్పటినుంచి ప్రతి డ్యూటీ మొదట్లో, గదిలో ఉన్న అందరితో, స్ట్రెచర్ తోసేవారితో సహా, ఒక మాట అంటాను: "నాకు కనపడనిది మీకు కనపడితే చెప్పండి. నేను విసుక్కున్నా సరే, మళ్లీ చెప్పండి." అర నిమిషం పట్టే పని. ఆ మాట అనకపోతే ఎవరూ నాకు ఏమీ చెప్పరు.

మీ మీద అరిచిన డాక్టర్ గారి గురించి కూడా ఒక మాట. ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఆయనా ఆ పెద్దాయనను దక్కించుకోలేని బాధలోంచే వచ్చి ఉంటారు. కానీ కసురుకోవడం మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, మందులాగే పేషెంట్ మీద పనిచేస్తుంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనం కోసం, ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఐసీయూల్లో పనిచేసే 24 బృందాలకు బొమ్మ శిశువుతో ఒక పరీక్ష పెట్టారు. కొన్ని బృందాలతో బయటి నిపుణుడు ఒకాయన కాస్త చులకనగా మాట్లాడాడు, అదీ వాళ్ల పనికి సంబంధం లేని మాటలు. ఆ బృందాలు జబ్బు గుర్తించడంలోనూ, చేయాల్సిన పనులు చేయడంలోనూ వెనకబడ్డాయి. ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయింది. "నిద్రపోతున్నారా" అన్న మాట మీ నోరు మూయించింది, అందుకే మీ అనుమానం ఆయన దాకా చేరలేదు. దీన్ని ఆయనకు చెప్పాలి. ఆ హడావుడిలో కాదు, ఇంకో రోజు తీరిగ్గా, ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఉండగా. ఫిర్యాదులా కాకుండా, "సార్, ఆ రోజు నాకు అనుమానం వచ్చింది, అడగలేకపోయాను" అని జరిగింది జరిగినట్టు చెప్పండి. మంచి డాక్టరైతే ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టదు.

మందు ఇచ్చే ముందు ఇంకొకరితో సరిచూపించుకోమని కూడా మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. మంచిదే, కానీ చాలాచోట్ల అది మొక్కుబడిగా సాగుతుంది. "ఇది అడ్రినలిన్ అర మిల్లీగ్రామే కదా?" అని అడిగితే పక్కవాళ్లు చూడకుండానే "ఆ" అంటారు. మీరు చూశారని వాళ్లు, వాళ్లు చూశారని మీరు. ఆంప్యూల్, సిరంజి వాళ్ల చేతిలో పెట్టి "ఇదేమిటో, ఎంతో, ఎక్కడ ఇవ్వాలో మీరు చెప్పండి" అనండి. జవాబు వాళ్ల నోటినుంచి రావాలి.

మెమో సంగతి. దానికి మీరు రాతపూర్వకంగా జవాబిచ్చే అవకాశం ఉంటే ఇవ్వండి. తప్పు మీది కాదని వాదించకండి, జరిగిన వరస రాయండి: ఎన్ని గంటల డ్యూటీ, అంతకుముందు ఏ కేసు, ఆర్డర్ ఏ మాటల్లో వచ్చింది, మందు ఏ డ్రాయర్‌లో ఉంది, మీకు అనుమానం ఎప్పుడు వచ్చింది, ఎందుకు అడగలేదు. చివర ఆ అలర్జీ పెట్టె పెట్టమని అడగండి. మిమ్మల్ని మందలించి ఊరుకుంటే, అదే డ్రాయర్, అదే ఆంప్యూల్, అదే సగం ఆర్డర్ రేపు ఇంకో సిస్టర్ కోసం అలాగే కాచుకుని ఉంటాయి. మీరు రాసిన కాగితం వల్ల వాటిలో ఒక్కటి మారినా, ఆ సిస్టర్‌కి మీరు ఎవరో తెలియకపోయినా, మీరు మేలు చేసినట్టే.

చెయ్యి వణకడం గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ బాధ కలిగించింది. మన వల్ల పేషెంట్‌కి హాని జరిగినప్పుడు వచ్చే గాయం ఇది. ఆల్బర్ట్ వూ అనే అమెరికా వైద్యుడు 2000లో దీని గురించి రాస్తూ, అలాంటి డాక్టర్లను ఆ ఘటనలో "రెండో బాధితుడు" అన్నాడు. మొదటి బాధితురాలు ఆవిడే, ఆ సంగతి మీరూ మరిచిపోలేదు. కానీ మీకూ దెబ్బ తగిలింది. నిద్రలో ఆ మానిటర్ చప్పుడు వినపడుతోందా? ఆ మంచం వైపు వెళ్లాలంటే కాళ్లు ఆగుతున్నాయా? అవుననిపిస్తే ఒంటరిగా మోయకండి. మీరు నమ్మే సీనియర్ సిస్టర్ ఒకరితో మొదటినుంచి చివరిదాకా చెప్పండి. తన పొరపాటు గురించి ఆవిడా మీకు చెబుతుంది, చూడండి. ఇన్నేళ్లలో అలాంటి పొరపాటు ఒకటైనా లేని నర్సునీ, డాక్టర్‌నీ నేను చూడలేదు. ఇంకొన్ని వారాలైనా నిద్ర పట్టకపోయినా, వణుకు తగ్గకపోయినా కౌన్సెలర్ దగ్గరికో, సైకియాట్రిస్ట్ దగ్గరికో వెళ్లండి. ఆలస్యం చేయకండి.

చేతి వణుకుకి ఇంకో మందు కూడా ఉంది. ఖాళీ ఆంప్యూల్, సెలైన్, ఒక దిండు తీసుకుని, డ్యూటీ మొదట్లో పది నిమిషాలు ఇంకో సిస్టర్‌తో కలిసి అలర్జీ కేసు ఆడి చూడండి. ఒకరు డాక్టర్‌లా సగం ఆర్డర్ ఇవ్వాలి, కావాలనే అరవాలి. ఇంకొకరు తిరిగి చెప్పాలి, అడగాలి, కండకి ఇవ్వాలి. మొదట సిగ్గుగా ఉంటుంది. మూడో రోజుకి నోరు తిరుగుతుంది. వారం అయ్యేసరికి చెయ్యి కొత్త దారి పడుతుంది. డ్యూటీ డాక్టర్‌ని కూడా ఒకరోజు రమ్మనండి.

చివరిగా, ఆవిడ. ఏం జరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదన్నారు. చెప్పాలి. అది ఆవిడ ఒంటికి జరిగింది, తెలుసుకునే హక్కు ఆవిడది. దీని వెనక ప్రాణానికి సంబంధించిన కారణం కూడా ఒకటి ఉంది. ఆ రోజు గుండె అంత వేగంగా కొట్టుకోవడం ఎందుకో ఆవిడకు తెలియదు. తనకు గుండెజబ్బు ఉందనో, ఆ ఇంజెక్షన్ తనకు పడదనో అనుకుంటూ ఉండొచ్చు. రేపు మళ్లీ అలర్జీ వచ్చి ఇంకో ఆసుపత్రికి వెళ్తే, "అడ్రినలిన్ ఇస్తే పోయినసారి చచ్చిపోబోయాను, వద్దు" అని చెబుతుంది. అక్కడి డాక్టర్ వెనకాడతాడు. ఆవిడను బతికించే మందు అదొక్కటే.

కానీ మీరు ఒక్కరే ఫోన్ చేసి చెప్పకండి. డ్యూటీ డాక్టర్ గారు, ఇన్‌ఛార్జ్ సిస్టర్, ఆసుపత్రి తరఫున బాధ్యత తీసుకునేవారు ఒకరు కలిసి ఆవిడను పిలిపించి, కూర్చోబెట్టి చెప్పాలి. ముందు ఒప్పుకోకపోవచ్చు. పైన రాసిన ఈ కారణాన్ని వాళ్లకు కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ గదిలో మీరూ ఉంటానని అడగండి, మీకు ఇష్టమైతేనే. మాటలు పెద్దవి అక్కర్లేదు: "మీకు ఇవ్వాల్సిన మందే ఇచ్చాం. కండకి ఇవ్వాల్సింది నరానికి ఇచ్చాం, అందుకే గుండె అలా కొట్టుకుంది. అది మా పొరపాటు. క్షమించండి. ఆ మందు మీకు పడకపోవడం కాదు. మళ్లీ అవసరమైతే తప్పకుండా తీసుకోండి. మీకు పడనిది ఆ మాత్ర." అని చెప్పి, ఆ మాత్ర పేరు ఒక కార్డు మీద రాసి ఆవిడ చేతిలో పెట్టండి.